లైసెన్స్ చేతికొచ్చిన తొలి ఏడాది: కొత్త డ్రైవర్లకు నేను నేర్పించే అలవాట్లు

నేను డ్రైవింగ్ నేర్పిస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది లైసెన్స్ అప్పటికే చేతికొచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు. బండి బాగానే నడుపుతారు. గేరు కుదుపు లేకుండా మారుస్తారు, ఇరుకు చోట్లో రివర్స్ తీస్తారు. అయినా వాళ్లు ఒంటరిగా బండి తీసుకుని బయల్దేరితే ఇంట్లో పెద్దవాళ్లకి ఒకటే టెన్షన్. ఆ టెన్షన్‌కి కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్ల మరణాలకు మొట్టమొదటి కారణం రోడ్డు ప్రమాదమే. కొత్త డ్రైవర్ల సంగతికొస్తే, పక్కన పెద్దవాళ్లు లేకుండా సొంతంగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలలే అన్నిటికంటే గడ్డు కాలం.

లైసెన్స్ పరీక్షలో చూసేది ప్రధానంగా చేతులూ కాళ్లూ ఎలా పనిచేస్తున్నాయన్నది. ప్రమాదాలు మాత్రం చాలావరకు వేరే చోట మొదలవుతాయి. చూడటం ఆలస్యమవుతుంది, ముందు బండికీ మనకీ దూరం చాలదు, వేగం ఎక్కువగా ఉంటుంది. ఈ మూడింటి ఫలితం ఒక్కటే: ఆలోచించుకోవడానికి టైమ్ మిగలదు. ఎంత మంచి డ్రైవరైనా అర సెకనులో చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. అందుకే నేను నేర్పించే అలవాట్లన్నీ ఆ టైమ్‌ని ముందే మిగుల్చుకోవడానికే.

బండి కదలకముందు

సీటు సరిచేసుకోవడం చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది. సీటు బాగా వెనక్కి వాల్చి, ఒక చెయ్యి స్టీరింగ్ మీద వేసి నడపడం స్టయిల్ అనుకునే వయసు అది. నిజానికి అలా కూర్చుంటే అవసరమైనప్పుడు బ్రేక్ గట్టిగా పడదు. బ్రేక్ పెడల్‌ని అడుగంటా తొక్కి చూడండి. అప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. నిటారుగా చాపుకుపోయిందంటే సీటు దూరంగా ఉన్నట్టే. వీపు సీటుకి ఆనించి చెయ్యి ముందుకి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద ఆనాలి. ఛాతీకీ స్టీరింగ్ నడిమి భాగానికీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ కనురెప్ప వేసేలోపు పేలినట్టుగా విచ్చుకుంటుంది, దానికి ఆ చోటు కావాలి. గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట చేతులుంచమని చెప్పడానికి ఒక కారణం అదే. చెయ్యి స్టీరింగ్‌కి అడ్డంగా ఉంటే ఎయిర్‌బ్యాగ్ దాన్ని తెచ్చి మొహానికేసి కొడుతుంది.

హెడ్‌రెస్ట్ దిండులా తల వాల్చుకోవడానికి పెట్టింది కాదు. వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు మెడ వెనక్కి విరుచుకుపోకుండా ఆపడానికి పెట్టింది. దాని పై అంచు మీ నడినెత్తికి దాదాపు సమానంగా రావాలి.

సీట్ బెల్ట్ గురించి నేను ఎక్కువ వాదించను. మనం ఇప్పుడు వాడే మూడు చోట్ల బిగుసుకునే బెల్ట్‌ని 1959లో వోల్వో కంపెనీ ఇంజినీర్ నిల్స్ బోలిన్ రూపొందించారు. ఆ పేటెంట్‌ని వోల్వో మిగతా కంపెనీలన్నీ వాడుకునేలా వదిలేసింది. ముందు సీట్లలో ఉన్నవాళ్ల ప్రాణాపాయాన్ని సగం దాకా తగ్గించే వస్తువు అది. చూసుకోవాల్సింది ఎలా పెట్టుకున్నామన్నది. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ భుజం మధ్యలోంచి రావాలి, చంక కిందనుంచి లాక్కోకూడదు. వెనక సీట్లో వాళ్లు కూడా పెట్టుకునేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. బెల్ట్ లేకుండా వెనక కూర్చున్నవాళ్లు బండి గుద్దుకున్నప్పుడు ముందు సీటు మీదికి వచ్చి పడతారు. ఆ దెబ్బకి ముందున్నవాళ్లు, బెల్ట్ పెట్టుకున్నా సరే, నలిగిపోతారు.

సైడ్ అద్దాల్లో మీ బండి పక్క భాగం అంచుకి సన్నటి గీతలా కనబడితే చాలు. చాలామంది అద్దంలో సగం దాకా తమ డోరే కనబడేలా పెట్టుకుంటారు. మీ డోరు ఎక్కడికీ పోదు, దాన్ని చూస్తూ ఉండక్కర్లేదు. అద్దం ఎంత బాగా పెట్టుకున్నా అందులో పడని చోటు కొంత ఉంటుంది కాబట్టి లేన్ మారే ముందు భుజం మీంచి ఒక్కసారి తల తిప్పి చూడాల్సిందే.

కళ్లకి పని చెప్పడం

నేను అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీనికే ఇస్తాను. కొత్త డ్రైవర్ల చూపు ఎక్కడుంటుందో పరిశోధకులు 1970ల నుంచే కొలిచి చూశారు. వాళ్లు బండికి దగ్గరగా ఉన్న రోడ్డునే ఎక్కువ చూస్తారు, పక్కలకి తక్కువ చూస్తారు, అద్దాల వైపు మరీ తక్కువ. అనుభవం ఉన్నవాళ్ల చూపు దూరంగా ఉంటుంది, ఒక చోట నిలవకుండా తిరుగుతూ ఉంటుంది. ఈ తేడా ఏళ్ల తరబడి నడిపితే దానంతటదే పోతుంది. అన్నాళ్లు ఆగక్కర్లేదు, సాధనతో త్వరగానే నేర్చుకోవచ్చు.

సాధన ఏమిటంటే, నడుపుతూ కనబడినవి పైకి చెప్పడం. మొదట్లో సిగ్గనిపిస్తుంది. పక్కన నేను ప్రశ్నలు వేస్తూ ఉంటాను. మొన్నీమధ్య ఒకమ్మాయితో ఇలా సాగింది.

"ఏం కనబడుతోందమ్మా?"

"ముందు కారుంది మేడమ్."

"దాని ముందు?"

కాసేపాగి, "ఇంకో కారు. బ్రేక్ లైట్ వెలగట్లేదు."

"బాగుంది. పక్కన ఆపి ఉన్న కార్లో?"

"ఎవరో ఉన్నారు."

"ఏ సీట్లో?"

"డ్రైవర్ సీట్లో... మేడమ్, ముందు చక్రం ఇటు తిరుగుతోంది!"

నేనేమీ అనకముందే తన కాలు యాక్సిలరేటర్ మీంచి లేచి బ్రేక్ మీదికి వెళ్లింది. ఆ కారు ఇండికేటర్ వేయకుండానే రోడ్డు మీదికొచ్చింది. మేం హాయిగా ఆగాం, హారన్ కూడా కొట్టాల్సిన పనిపడలేదు. ఆ అమ్మాయి బ్రేక్ తొక్కడంలో కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. చక్రం వైపు చూడటం మాత్రమే కొత్త.

ఇలా వెతకాల్సినవి కొన్ని చెప్తాను. ఆగి ఉన్న లారీ కింద నుంచి అవతలి పక్క కాళ్లు కనబడతాయి, ఎవరో దాటబోతున్నారన్నమాట. రోడ్డు మీదికి బంతి దొర్లుకుంటూ వస్తే దాని వెనక పిల్లాడు వస్తాడు. ఆగిన బస్సు ముందు నుంచి మనిషి రావడానికి ఎప్పుడూ వీలుంది. పెద్ద బండి పక్కన వెళ్తున్నప్పుడు దాని అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనబడకపోతే, మీరు కూడా అతనికి కనబడరు. అక్కడ ఎక్కువసేపు ఉండకండి, దాటేయండి లేదా వెనక్కి తగ్గండి.

ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాల సంగతి చాలామందికి తట్టదు. కూడలిలో ఆ స్తంభం వెనక ఒక మోటార్ సైకిల్ మొత్తం దాగిపోతుంది. అది వచ్చే వేగమూ మీ వేగమూ కలిసొస్తే చివరిదాకా ఆ చాటునే ఉండిపోతుంది. కూడలిలో మలుపు తీసుకునే ముందు సీట్లోనే ఒంటిని కాస్త ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. అంతవరకూ లేని బండి ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇంటికొచ్చాక ఒక ప్రశ్న వేసుకోండి: ఇవాళ ఎక్కడెక్కడ సడెన్‌గా బ్రేక్ వేశాను? అవతలివాడిదే తప్పయినా సరే, సడెన్ బ్రేక్ పడిందంటే అక్కడ మీరు చూడటం ఆలస్యమైందని అర్థం. అది ఎంత ముందుగా కనబడి ఉండేదో ఆలోచించండి.

దూరాన్ని సెకన్లలో కొలవండి

మీటర్లలో దూరం అంచనా వేయడం కదులుతున్న బండిలో ఎవరికీ సరిగ్గా రాదు. సెకన్లయితే వస్తుంది. ముందు బండి ఒక స్తంభాన్నో బోర్డునో దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అని లెక్కపెట్టండి. ఆ మాటలు పూర్తయ్యాకే మీరు ఆ స్తంభాన్ని చేరాలి. మామూలుగా రెండు సెకన్లు అంటారు. కొత్తవాళ్లకి నేను మూడు చెప్తాను. వానలో, చీకట్లో నాలుగైనా ఉండాలి. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందేదో జరిగిందని గుర్తించి కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికే ఒక సెకను, ఒక్కోసారి ఒకటిన్నర పడుతుంది.

"అంత ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరిపోతాడు మేడమ్" అని ప్రతి ఒక్కరూ అంటారు. దూరనివ్వండి. యాక్సిలరేటర్ కాస్త వదిలితే ఆ మూడు సెకన్లు మళ్లీ వచ్చేస్తాయి. ప్రయాణం మొత్తంలో పదిమంది దూరినా మీరు పోగొట్టుకునేది అర నిమిషం. దూరినవాడి మీద కోపంతో అతని వెనకే అంటిపెట్టుకుని వెళ్లడం మొదలైందంటే, ఇక అక్కడి నుంచి బండిని నడిపేది కోపమే.

వేగం

వేగం వద్దని పెద్దవాళ్లు చెప్పి చెప్పి ఆ మాటకి బలం పోయింది. నేను లెక్క వేసి చూపిస్తాను. పొడి రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కనే వెళ్తున్నాయనుకోండి. ఒకటి 50లో, ఇంకోటి 70లో. ముందు ఒక పిల్లాడు అడ్డం వచ్చాడు. ఇద్దరికీ గుర్తించడానికి ఒక సెకను పట్టింది, ఇద్దరూ ఒకేసారి గట్టిగా బ్రేక్ వేశారు. 50లో ఉన్న కారు దాదాపు 28 మీటర్లలో ఆగుతుంది. సరిగ్గా అదే చోటికి వచ్చేసరికి 70లో ఉన్న కారు వేగం ఎంత ఉంటుందో చెప్పమంటే పిల్లలు ఇరవై అంటారు, ఇరవై నాలుగు అంటారు. అది ఇంకా 58 దగ్గర ఉంటుంది. బ్రేక్ పడకముందే 19 మీటర్లు అయిపోయాయి. పైగా బండిలోని శక్తి వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 50 నుంచి 70కి వెళ్తే దాదాపు రెట్టింపవుతుంది. ఆ పిల్లాడికి మొదటి కారు అసలు తగలదు. రెండో కారు 58లో తగులుతుంది.

ఈ లెక్కని నా ముందు కాగితం మీద వేసి చూసుకున్న కుర్రాడెవరూ మళ్లీ "ఇరవై కిలోమీటర్ల తేడానే కదా" అనలేదు. మీరూ ఒకసారి వేసుకోండి.

హెడ్‌లైట్ల విషయం కూడా ఇందులోదే. లో బీమ్‌లో దారి మహా అయితే యాభై, అరవై మీటర్లు స్పష్టంగా కనబడుతుంది. 100 వేగంలో బండి ఆగడానికి అంతకంటే చాలా ఎక్కువ దూరం కావాలి. అంటే చీకట్లో ఆ వేగంతో వెళ్తున్నప్పుడు, మీకు కనబడిన అడ్డంకి ముందు మీరు ఆగలేరు. వెలుతురు ఎంత దూరం పడుతోందో ఆ దూరంలో ఆగగలిగే వేగమే రాత్రి మీ వేగం. ఎదురు బండి హై బీమ్ కళ్లలో కొడుతుంటే, అటు చూడకుండా మీ లేన్ అంచు గీత మీద చూపు పెట్టి మెల్లగా వెళ్లండి.

బండిలో స్నేహితులు

ఈ మాట పిల్లలకి నచ్చదు, అయినా చెప్పాలి. కుర్రాళ్లు నడుపుతున్నప్పుడు బండిలో అదే వయసు స్నేహితులుంటే ప్రమాదం అవకాశం పెరుగుతుంది. పక్కన పెద్దవాళ్లుంటే తగ్గుతుంది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో టీనేజర్లతో కంప్యూటర్ మీద డ్రైవింగ్ ఆట ఆడించారు. ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు చూస్తున్నప్పుడు వాళ్లు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనబడలేదు. తొందరపాటుని అదుపు చేసే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. కాబట్టి ఇది మీ గుణం గురించిన మాట కాదు, వయసు గురించిన మాట.

మొదటి ఆరు నెలలు ఒక్కరికంటే ఎక్కువమంది స్నేహితుల్ని ఎక్కించుకోకండి. ఎక్కినవాళ్లలో ముందు సీట్లో కూర్చున్నవాడికి పనులు అప్పజెప్పండి: దారి చెప్పడం, పాటలు మార్చడం, మీకొచ్చిన ఫోన్ ఎత్తడం. పని ఉన్నవాడు అల్లరి తక్కువ చేస్తాడు. "కొట్టరా, ఓవర్‌టేక్ చెయ్యరా" అని వెనక నుంచి మొదలైతే వాదించకండి. బండి వీలైన చోట పక్కకి తీసి ఆపేయండి. "నాకు ఇబ్బందిగా ఉంది, మీరు ఆగితేనే నడుపుతాను" అనండి. ఒక్కసారి ఆపితే చాలు, ఇంకెప్పుడూ ఆ గొడవ ఉండదు. ప్రయాణికుడిగా ఉన్నప్పుడు కూడా ఇదే మాట వాడండి. "భయమేస్తోందిరా, కాస్త మెల్లగా" అనడానికి సిగ్గుపడొద్దు.

ఫోన్, మందు, నిద్ర

ఫోన్ గురించి నాది ఒకటే నియమం: బండిలో కూర్చోగానే దారి పెట్టుకుని, సైలెంట్ చేసి, చెయ్యి అందని చోట పెట్టాలి. 90 వేగంలో ఐదు సెకన్లు మెసేజ్ చూస్తే 125 మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్టే. బ్లూటూత్‌లో మాట్లాడితే పర్వాలేదనుకుంటారు. చేతులు ఖాళీగానే ఉంటాయి, మనసు మాత్రం అవతలి మనిషి దగ్గర ఉంటుంది. పక్క సీట్లో వాళ్లకి రోడ్డు కనబడుతుంది కాబట్టి అవసరమైన చోట మాట ఆపేస్తారు. ఫోన్లో ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలీదు.

మందు తాగితే బండి ముట్టుకోవద్దు. "కొంచెమే" అన్న కొలతని ఒప్పుకోకండి, తాగిన మొదటి గ్లాసు దెబ్బతీసేది ఆ కొలత వేసే తెలివినే.

నిద్రని మాత్రం ఎవరూ ఇంత సీరియస్‌గా తీసుకోరు. రాత్రంతా చదివో పని చేసో తెల్లవారుజామున బండి తీస్తారు. నిద్ర లేచి 17 గంటలైన మనిషి, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషిలాగే తడబడతాడని ప్రయోగాల్లో తేలింది. శరీరానికి మత్తు ఎక్కువగా కమ్మేది రాత్రి రెండు నుంచి ఆరు మధ్యలో, మళ్లీ మధ్యాహ్నం రెండు తర్వాత. దాటొచ్చిన చివరి రెండు మలుపులు గుర్తుకు రావట్లేదా, లేన్ గీత చక్రం కిందికి వస్తోందా, వెంటనే ఆపాలి. కిటికీ తీయడం, పాటలు గట్టిగా పెట్టడం పనిచేయవు. సురక్షితమైన చోట ఆపి కాఫీ తాగి, పావుగంట ఇరవై నిమిషాలు కునుకు తీయండి. కాఫీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అది కూడా కొద్ది దూరానికే. మిగతాది నిద్రపోయాకే వెళ్లండి.

టైర్లు, వాన, గట్టి బ్రేక్

బండికీ రోడ్డుకీ మధ్య ఉన్నదల్లా నాలుగు చోట్ల అరచేయంత రబ్బరు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద రాసి ఉంటుంది. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. గాలి తక్కువున్న టైరు వంగి వంగి వేడెక్కి, వేగంలో పగిలిపోతుంది. చాలా దేశాల్లో టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే వాడకూడదని చట్టం. గాడి అరిగిన టైరు వాన నీటిని పక్కకి నెట్టలేదు, నీటి పొర మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతుంది. బ్రేక్ కొట్టకండి, స్టీరింగ్ తిప్పకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, టైరు మళ్లీ రోడ్డుని పట్టుకునేదాకా తిన్నగా పోనివ్వండి.

గట్టి బ్రేక్ ఎలా ఉంటుందో చాలామంది కొత్త డ్రైవర్లకి అసలు తెలీదు. ఏబీఎస్ ఉన్న బండిలో పెడల్ కాలి కింద టకటకమని కొట్టుకుంటుంది, కింద నుంచి గరగరమని శబ్దం వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. అలాగే తొక్కిపట్టి, ఖాళీ ఉన్న వైపు స్టీరింగ్ తిప్పాలి. చక్రాలు బిగుసుకుపోకుండా ఏబీఎస్ ఆపుతుంది కాబట్టి బండి తిరుగుతుంది. వెనకా ముందూ ఎవరూ లేని ఖాళీ మైదానంలో, పక్కన అనుభవం ఉన్నవాళ్లని కూర్చోబెట్టుకుని, 40 వేగంలో దీన్ని సాధన చేయండి. ఆ శబ్దం, ఆ వణుకు కాలికి అలవాటు కావాలి.

ఇంట్లో పెద్దవాళ్లకి

కొత్తవాళ్లకి అన్నీ ఒకేసారి ఇవ్వకుండా దశలవారీగా ఇచ్చే లైసెన్స్ పద్ధతిని న్యూజిలాండ్ 1987లోనే తెచ్చింది. తర్వాత చాలా దేశాలు ఆ దారి పట్టాయి, అలా చేసిన చోట్ల కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గాయి. మీ దేశంలో ఆ చట్టం లేకపోయినా ఇంట్లో పెట్టుకోవచ్చు. మొదట పగలు, తెలిసిన దారులు. తర్వాత వాన, రద్దీ. ఆ తర్వాత రాత్రి. హైవే, ఎక్కువమంది స్నేహితులు చివరికి. ఒక్కో మెట్టుకీ ముందు మీరు పక్కన కూర్చుని కొన్నిసార్లు వెళ్లండి. కూర్చున్నప్పుడు అరవకండి. "బ్రేక్! బ్రేక్!" అన్న కేక వింటే పిల్లలు రోడ్డు వదిలేసి మీ మొహం వైపు చూస్తారు. "ముందు ఏం కనబడుతోంది?" అని అడగండి.

ఇంకో ఒప్పందం కూడా చేసుకోండి. అలసిపోయినా, తాగినా, తాగినవాడి బండి ఎక్కాల్సి వచ్చినా, ఏ వేళైనా ఫోన్ చేస్తే మీరు వెళ్లి తీసుకొస్తారు, లేదా ట్యాక్సీ డబ్బులిస్తారు, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఈ మాట పిల్లలకి లైసెన్స్ రాకముందే చెప్పాలి. ఫోన్ వచ్చినప్పుడు దానికి కట్టుబడాలి. మొదటిసారి తిట్లు పడితే రెండోసారి ఫోన్ రాదు.